మడి తాగిన నీళ్లు

ఆ చేతులు దించు వదినా. దించుమంటాన గదా! దవాఖాన వరండాల నలుగురు సూస్తాంటె నాకు దండం వెట్టుడేంది?

మొన్న వచ్చినప్పుడు ఏమన్నవ్? "నీ ఇంట్ల దీపమారిపోను, నా బిడ్డను మింగినవ్" అన్నవ్. గదే మంచిగుండె. గట్లనే తిట్టు. ఇయ్యాలేమో డబ్బల ఉప్మా పట్టుకొస్తివి, నా కాళ్లకాడ కూసుంటివి. వద్దు. నాకు ఆకలైతలేదు. గా డబ్బ మూత వెట్టు.

మా కొత్తవాడ గల్లీల సుత గదే తమాష. నీ బిడ్డ పడ్డ తెల్లారి ఒక్కలు నా మొఖం సూడలే. నిన్న మొగిలమ్మ వచ్చి, "భూమి కుంగితె నువ్వేం చేస్తవ్ కళావతీ, ఫికర్ చెయ్యకు" అని ఛాయ్ పోసిచ్చింది. తాగిన. తాగినంక బాత్రూముల వడి కక్కిన.

ఏం మారింది గీ రెండ్రోజుల్ల? నీ బిడ్డ కండ్లు తెరిచింది, ఎస్సైకి చెప్పింది. అంతే గదా! "అక్కడ మన్ను కింద బావి ఉన్నట్టు మా అత్తమ్మకు తెల్వది సార్. తెలిస్తె నన్ను అడుగు వెయ్యనిచ్చేదా?" అని. నడుముల బొక్క ఇరిగి, కాళ్లు ఉన్నయో లేవో సోయి లేక పండుకున్న పిల్ల. నోట్లె నీళ్ల చుక్క పొయ్యొద్దన్నడు డాక్టరు. గా ఎండిన నోటితోని నా గురించి చెప్పింది.

గా మాట ఇన్నప్పటిసంది నాకు కుదురు లేదు వదినా.

కూసో. నేల మీద గాదు, గీ బెంచీ మీద కూసో, గోడకు ఒరుగు. భరత్ మందులకు పోయిండు, వచ్చేవరకు అద్దగంట వడ్తది. నీ అల్లుడు రాకముందు నీకొక ముచ్చట చెప్పాలె. మధ్యల లేవకు. ఏడ్వకు గూడ. నువ్వేడిస్తె నేను చెప్పలేను.

నీ బిడ్డ, అల్లుడు పోయిన వానకాలం కిరాయికి దిగిండ్రు మా ఇంట్ల. ఎనక రెండర్రలు. భరత్ విత్తనాల దుకాణంల, నీ బిడ్డ రక్తపరీక్షల సెంటర్ల. మొదటి దినం "ఆంటీ" అన్నది. రెండో దినానికే "అత్తమ్మా" అన్నది. నాకు పిల్లలు లేరు, నీకు ఎరికే. మా ఆయన, వరసకు నీకు అన్నైతడు, పోయి నాలుగేండ్లాయె. ఇంట్ల మనిషి గొంతు ఇనవడక టీవీతోని మాట్లాడేదాన్ని. నవ్వకు, నిజంగనే. సీరియల్ల అత్తను తిట్టేదాన్ని, కోడలికి బుద్ధి చెప్పేదాన్ని. అసోంటి ఇంట్ల పొద్దుగాల్నే, "అత్తమ్మా, ఇయ్యాల ఏం కూర?" అని ఒక గొంతు.

ఆమెకు పూల పిచ్చి. నీకు నేను చెప్పేదేంది! మీ మిర్చి చేను గట్టు పొడుగూత బంతి వెట్టేదట గదా చిన్నప్పుడు, నువ్వు కలుపని పీకితె దినమంత అన్నం తినకపోయేదట. చలి జర తగ్గిందో లేదో మొదలువెట్టింది. "అత్తమ్మా, ఎండలు ముదరకముందే నాటాలె. ఇప్పుడు వేర్లు పట్టుకుంటెనే ఏప్రిల్ ఎండకు ఆగుతయ్. పది దినాలు ఆలస్యమైనా మాడిపోతయ్." భరత్ దుకాణంకెల్లి విత్తనాల పాకిట్లు తెచ్చిండు. కిటికీ గట్టు మీద ఛాయ్ కప్పులల్ల నారు పోసింది. పొద్దున లేచి ముందు ఆ కప్పులు సూసుడు, తర్వాతనే మొగని మొఖం సూసుడు.

మా పెరడు నువ్వు సూసినవ్. మూడు దిక్కుల గోడ. దినమంత ఎండ. ఒక్క మూలనే, పొద్దుగాల పది దాంక ఎండ పడ్తది, మద్యాన్నం పక్కింటోళ్ల మేడ నీడ వస్తది. అక్కడ నేను పాత మగ్గం కట్టెలు, ఇరిగిన రాట్నం, తుప్పు పట్టిన రేకులు కుప్ప వోసి పెట్టిన. ఆ జాగ మీదనే పడ్డది ఆమె కన్ను.

"అక్కడొద్దు బిడ్డా," అన్న. "మీ మామ నూలు అద్దినప్పటి రంగునీళ్లన్ని అక్కడనే పారినయ్. మన్ను ఖరాబైంది. ఏం వెట్టినా బతుకది."

"రంగుల మన్నుల రంగుల పూలే పూస్తయ్ అత్తమ్మా."

"గోడ పక్కకు వెట్టుకో అంటాన గదా!"

గట్టిగనే అన్న. మొఖం చిన్నగ చేసుకొని పోయింది. రెండ్రోజులు కూర సంగతి అడుగలే. గా రెండ్రోజులు నాకెట్లున్నదో నీకు చెప్తె నవ్వుతవ్.

గంతల మా చెల్లె రాజేశ్వరోళ్లు మేడారం పోతాన్నమన్నరు. నేను సుత బండెక్కిన. మూడు దినాలు. అమ్మలకు మొక్కిన, నిలువెత్తు బంగారమని బెల్లమిచ్చిన, ఇంత ప్రసాదం బెల్లం కొంగుల ముడేసుకొని వచ్చిన. గేటు తీసిన్నో లేదో ఉర్కొచ్చింది. "అత్తమ్మా, కండ్లు మూసుకో! మూసుకోవాలె!" ఎనకకెల్లి రెండు చేతులు నా కండ్ల మీద వెట్టి పెరట్లకు తోల్కపోయింది. ఆ అరచేతులు గరుకుగ తగిలినయ్, బొబ్బలొచ్చి పగిలినయ్.

చేతులు తీసింది.

మగ్గం కట్టెలు లేవు. రేకులు లేవు. ఆ జాగల గుండ్రంగ ఇటుకలు పాతి, నల్లటి ఎరువు కలిపి మడి చేసిండ్రు. నడుమ మందార. చుట్టు బంతి నారు, జీనియా నారు. ఇటుకల అంచుకు గడ్డి గులాబి.

గుండ్రంగ చెయ్యుమని ఆమెకు ఎవలు చెప్పిండ్రు వదినా? నలుచదరంగ చెయ్యరాదా? కోలగ చెయ్యరాదా? సరిగ్గ గదే జాగల, సరిగ్గ గంతే గుండ్రం.

భరత్ నవ్వుకుంట అంటాండు, "మన్ను మస్తు మెత్తగున్నది అత్తమ్మా, పార ఊరికే దిగింది. ఒక్కకాడ టంగున మోగింది. బండేమోనని ఇడిసిపెట్టినం."

నా కొంగుల బెల్లం ఉన్నది. నోట్లె మాట ఉన్నది. నీ బిడ్డ నా మొఖం దిక్కు సూస్తాంది, పరీక్ష రాసి మార్కులకు నిలవడ్డ పిల్ల లెక్క. నేనేమన్న?

"మంచిగున్నది బిడ్డా" అన్న. బెల్లం తీసి నోట్లె వెట్టిన.

ఏమో వదినా, అప్పుడు చెప్తె అయిపోయేది. గప్పుడే, ఆ గడియలనే. తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారి ఆమె డ్యూటీ. ఆదివారం చెప్దామనుకున్న. ఆదివారం ఆమె తల నొప్పి అన్నది. దినం గడుస్తాన్న కొద్ది ఆ మాట నా నోట్లె పెద్దగైతనే పోయింది.

ఇగ నీళ్లు. పొద్దుగాల ఒకపారి, పొద్దుగూకంగ ఒకపారి. గోడ పక్కన కుండీలకు చెంబెడు పోస్తె పైన నిలవడేది, జర సేపటికి ఇంకేది. ఆ మడికి పైపు అద్దగంట ఇడిసినా తాగేది. నిలవడుడే లేదు. "మన మడికి దూప ఎక్కువ అత్తమ్మా" అని నవ్వేది. మొక్కలేమో గుబురుగ లేచినయ్. బంతులు మోకాలెత్తు. గల్లీ ఆడోళ్లు వచ్చి సూసి, "ఏం మందేసినవే?" అని అడిగేటోళ్లు.

మందార ఒక్కటి దిగింది.

దిగింది అంటె ఎండలే, ఒరగలే. పచ్చగనే ఉన్నది, జానెడు కిందికి పోయింది. "ఎరువు కుంగినట్టున్నది" అని నీ బిడ్డ చుట్టు మన్ను పోసింది. వారానికి మళ్ల దిగింది. మళ్ల పోసింది. నేను వంటింటి కిటికీలకెల్లి సూసేది. పొయ్యి మీద పప్పు మాడేది.

ఒక దినం పైపు కట్టేసి, ఆమె మడికాడ గొంతుక్కూసొని చెవి వెట్టింది. "అత్తమ్మా, జర ఇటు రా. లోపట టప్ టప్ అంటాంది, ఇనవడ్తాందా?"

ఇనవడ్డది. లోతుకెల్లి. చుక్క పడుడు, ఆగుడు, మళ్ల చుక్క.

"పక్కింటోళ్ల ట్యాంకు కారుతాంది" అన్న. అంత నిమ్మళంగ ఎట్లన్ననో నాకే తెల్వది. అప్పటికి అబద్ధం నాకు అలవాటైంది.

నువ్వు సుత వచ్చినవ్ వదినా. శివరాత్రి పండుగకు. యాదున్నదా? పొద్దుగాల పీట తెచ్చుకొని ఆ మడి అంచుకే ఏసుకొని కూసున్నవ్. బిడ్డను ముందట కూసోవెట్టుకొని నెత్తికి నూనె వెట్టినవ్. నేను తలుపుకాడ నిలవడ్డ. "లోపటికి రా వదినా, ఎండ" అన్న. నువ్వేమన్నవ్? "ఏడు గాలే, ఎండేడిది వదినా?" అని నవ్వినవ్.

ఆ...

గట్ల సూడకు.

అవును. నాకు తెల్సు. నాకు తెల్సు వదినా! బావి తవ్విచ్చింది మా మామ. పెండ్లై వచ్చిన కాడికెల్లి పదేండ్లు ఆ బావి నీళ్లే తోడిన నేను. జంపఖానలకు నూలు అద్దేది మా ఇంట్లనే. ఎర్రరంగు, నీలిరంగు, నా గోర్లల్ల పోకుండ ఉండేది. తర్వాత అద్దకం పని బందయింది, నల్లా వచ్చింది. ఒక దినం మేకపిల్ల పడ్డది. తియ్యలేకపోయినం. రెండ్రోజులు అరిసింది. మూడో దినం మీ అన్న తాటిమొద్దులు అడ్డమేసి, మీద బండలు పరిసి, బండల మీద మన్ను కప్పిండు. "పూడ్పియ్యరాదా?" అంటె, "ముప్పై ఏండ్లు ఆగుతయ్ తాటిమొద్దులు" అన్నడు.

ముప్పై ఏండ్లు దాటినయ్. నేను లెక్క మర్సిపోలే.

మా గల్లీల అప్పటోళ్లు ఒక్కలు లేరు, ఇండ్లు అమ్ముకొని పోయిండ్రు. ఎస్సై అడిగితె, "మా మామ కాలందేమో సార్, నాకు తెల్వది" అన్న. రాసుకున్నడు. సంతకం వెట్టిన.

కూసో. ఆగు, కూసో! ఎటు పోతవ్? ఎస్సైకి చెప్తవా? చెప్పు. నేనే తోల్కపోత నిన్ను. గని మొత్తం ఇని పో. ఇంకున్నది.

ఎందుకు చెప్పలేదంటవా? మీ అన్న పోయినంక మొదట దిగినోళ్లకు చెప్పిన. దిగిన దినమే, "ఆ మూలకు పోకుండ్రి, కింద బావి ఉన్నది" అన్న. ఆమె కడుపుతోని ఉన్నది. నాలుగో దినం ఖాళీ చేసిండ్రు. తర్వాత ఇంకొకలు. వాళ్లకు చెప్తె వాస్తు సూసేటాయన్ను తోల్కొచ్చిండ్రు. ఆయన గేటుకాడికెల్లే ఎనకకు తిరిగిండు. ఆ తర్వాత ఏడాదిన్నర ఆ రెండర్రలు ఖాళీ. కిరాయి గురించి గాదు వదినా, నమ్ము. టీవీ ఆపితె ఇల్లంత బావి లెక్కనే ఉండేది.

గందుకే నీ బిడ్డకు చెప్పలే. మగ్గం కట్టెలు కుప్పేసిన, చాలనుకున్న.

ఇంకొకటి.

శుక్రారం. ఆమె పడ్డ ముందటి దినం. సాయంత్రం, ఇంక వెలుగు మంచిగనే ఉన్నది, ఆమె డ్యూటీకెల్లి రాలే. తీగె మీది బట్టలు తియ్యపోయిన. మడి అంచుకు, ఇటుకల లోపటికి, పగులు కనవడ్డది. వేలు పట్టేంత. మందార కెల్లి మొదలువెట్టి సగం గుండ్రం. వంగి సూసిన. లోపటికెల్లి సల్లటి గాలి మొఖానికి కొట్టింది. ఎండకాలం గడప మీదున్నది వదినా, ఊరంత వేడి, అదొక్కటి సల్లగ. పాత రంగునీళ్ల వాసన.

అప్పుడేం చెయ్యాలె? నాలుగు కట్టెలు అడ్డం వెయ్యాలె. తాడు కట్టాలె. ఫోన్ చేసి, "బిడ్డా, నువ్వు వచ్చినంక పెరట్లకు పోకు" అనాలె. గంతే గదా! నా చేతుల ఫోనున్నది.

చేసేటందుకు పేరు తీసిన. తీసినంక అనుకున్న, ఇప్పుడు చెప్తె ఏమంటది? "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే అత్తమ్మా?" అంటది. నా మొఖం దిక్కు సూస్తది. గా సూపు నేను ఓర్వలేననిపిచ్చింది.

ఫోన్ రొంటిల వెట్టుకున్న. గోడ పక్కకెల్లి గంపెడు మన్ను తెచ్చిన. పగుల్ల పోసిన. తాగింది. ఇంకో గంప పోసిన. నిలవడ్డది. కాలితోని అదిమిన.

మెల్లగ అదిమిన వదినా. ఒక చెయ్యి గోడకు పట్టుకొని, బరువంత ఎనక కాలు మీద వెట్టి. నేను పడకుండ. నా పాణానికి నేను గంత భద్రం! తర్వాత గడ్డి గులాబి రెమ్మలు తుంపి, పగులు పొడుగూత గుచ్చిన. నీళ్లు చల్లిన. ఎవలు సూసినా పూల అంచు అనుకుంటరు.

ఆమె వచ్చి సూసి, "అరె అత్తమ్మా, నువ్వు సుత నాటినవా?" అని నన్ను పట్టుకొని ముద్దు వెట్టుకున్నది.

శనివారం పొద్దుగాల ఎనిమిది. భరత్ దుకాణానికి పోయిండు. ఎండ అప్పుడే సురుక్కుమంటాంది. మొక్కల మీద పచ్చ నెట్ కట్టాలని వెదురు గుంజ పట్టుకొని మడిల దిగింది. నేను వంటింట్ల. గుంజ పాతుతాన్న సప్పుడు ఇనవడ్డది. ఒక పోటు. రెండో పోటు. మూడోది ఇనవడలే.

కూలిన సప్పుడు గూడ పెద్దగ రాలే వదినా. ఎవలో గట్టిగ ఊపిరి పీల్చినట్టు, గంతే. కిటికీలకెల్లి సూస్తె బంతులు లేవు, మందార లేదు, ఆమె లేదు. దుమ్ము లేస్తాంది. పైపుల నీళ్లు ఒక్కటే పారుకుంట ఆ గుంతలకు పోతానయ్.

ఉర్కిన. "స్నేహా!" అని ఒర్లిన. తర్వాత లోపటికెల్లి గొంతు. ఏమన్నదో నీకు ఎవలు చెప్పలే. నేనొక్కదాన్నే ఇన్న.

"అత్తమ్మా, దగ్గరికి రాకు. నువ్వు పడ్తవ్."

గట్లన్నది.

ఫైరింజనోళ్లు వచ్చి తీసేవరకు రెండు గంటలు వట్టింది. గా రెండు గంటలు నేను అంచుకు పోలే. రావద్దన్నది గదా. గోడకు ఆనుకొని నిలవడ్డ. గల్లీ అంత, "పాపం, పెద్దమనిషి బెదిరిపోయింది" అన్నరు.

కొట్టు వదినా. మొన్న ఉత్తగనే తిట్టినవ్, ఇప్పుడు కారణమున్నది, తిట్టు. కాళ్ల మీద నిలవడ్తదో లేదో ఆర్నెల్లయితె గని చెప్పలేనన్నడు డాక్టరు. నీ బిడ్డ నడవకపోతె నేనే మోస్త, కడుగుత, అన్నం తినిపిస్త అని నిన్నటిసంది మనసుల అనుకుంటాన. గది సుత నా కోసమే అనుకుంటాన, సూడు. ఇల్లు ఖాళీ గాకుండ.

అగో, సిస్టర్ వచ్చింది. స్నేహలత మనుషులెవరని అడుగుతాంది.

పో వదినా, నిన్నే... ఏందమ్మా? నన్నా? అత్తమ్మను పంపుమంటాందా? ఒక్కల్నే పంపుతరా?

వస్తానమ్మా. ఒక్క నిమిషం.

వదినా, నా చెయ్యి నొప్పివెడ్తాంది. గట్టిగ పట్టుకున్నవ్. ఇడుస్తవా?

వద్దు. ఇడువకు. ఇడిస్తె నేను లోపటికి పోత. పోయి ఆ పిల్ల నెత్తి నిమిరి, మళ్ల అబద్ధమే చెప్త. నా సంగతి నాకెరికే.